పారిశ్రామిక సంబంధముల స్మృతి: చిన్న యజమాని పక్షమున ఒక విమర్శ

శాసనగ్రంథమును సాహిత్యపత్రికలో విమర్శింపబూనుట కొందరికి వింతగా దోచవచ్చును. కాని శాసనమును వచనమే. ఒకరు వ్రాసినదే, మరియొకరు చదువుకొని దానినిబట్టి నడచుకొనవలసినదే. కావ్యమున దోషమున్నచో చదివినవాని కొక్కనికే కష్టము. శాసనమున దోషమున్నచో దానిని ఎన్నడును చదువని వానికిని నష్టము కలుగును. మన పూర్వులకీ సంగతి తెలియకపోలేదు. కూలి యియ్యకుండుట ‘వేతనాదాన’ మను పేర ప్రత్యేక వ్యవహారపదముగా ధర్మశాస్త్రములయందు పరిగణింపబడెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను పదుమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగుపద్యములలో పెట్టెను. ధర్మము దేశభాషలో నుండవలెనను కోరిక తెలుగువారికి క్రొత్తది కాదు.

పార్లమెంటు 2020 సెప్టెంబరులో ఆమోదించగా, 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి యిక్కడ విమర్శకు తీసికొన్న గ్రంథము. జనము దీనిని కోడ్ అనియే వ్యవహరించుచున్నారు. ఇరువదితొమ్మిది కేంద్రచట్టములను నాలుగు స్మృతులుగా కూర్చినప్పుడు, 1926 నాటి కార్మికసంఘముల చట్టమును, 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టమును, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమును కలిపి దీనిని రచించిరి. కార్మికసంఘములవారు దీనిని తీవ్రముగా ఖండించిరి. దేశవ్యాప్తముగా సమ్మెలును చేసిరి. యజమానుల సభలలో దీనికి ప్రశంసలే యెక్కువ. యజమాని పక్షముననే నిలిచి, ఇది వానికి నిజముగా నేమి యిచ్చినదని అడిగిన వ్రాత మాత్రము అరుదు. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు విషయము. ఇక్కడ యజమాని యనగా వేలకొలది జనమును పెట్టుకొని, న్యాయవాదులను నెలజీతముపై నుంచుకొన్నవాడు కాడు. హైదరాబాదు తూర్పున ఉప్పల్, నాచారము, మల్లాపురము వాడలలో ఇరువదిమంది మొదలు నూట యేబదిమందివరకు పనివారిని పెట్టుకొని, తానును ఉదయము ఎనిమిదిగంటలకే గేటు దగ్గరకు వచ్చువాడు.

ఈ వాడలను ఎరుగనివారికై రెండుమాటలు. నగరము అంబర్‌పేట, తార్నాకల వద్ద ఆగియున్న దినములలో ఉప్పల్, నాచారములు వెలుపలి గ్రామములు. ప్రభుత్వము అక్కడ పారిశ్రామికవాటికలను ఏర్పరచి స్థలము లిచ్చినది. లోహపుపని, ప్లాస్టిక్కు, మందులు, ఆహారపదార్థములు, రంగులు, దుస్తులు మున్నగు నానావిధములైన పనులు అక్కడ స్థిరపడినవి. అంగన్‌వాడీ పిల్లలు తిను బాలామృతము నాచారములోని ప్రభుత్వసంస్థ తెలంగాణ ఫుడ్స్‌లో తయారగునదే. తరువాత నగరమే వచ్చి వీనిని చుట్టుముట్టెను. 2017లో మెట్రోరైలు ఉప్పల్ మీదుగా నాగోలు వరకు నడువసాగెను. నేడు యంత్రశాల ప్రహరిగోడ కివతల రేకులషెడ్డు, అవతల బహుళాంతస్తుల నివాసగృహములు.

నాచారములోనే ఇ.యస్.ఐ. ఆసుపత్రి యున్నది. కార్మికశాసన మొకటి కంటికి కనబడు రూపము దాల్చిన స్థలమది. పదిమంది పనిచేయు చోటికిని ఆ చట్టము వర్తించును; నెలకు 21,000 రూపాయల లోపు జీతముగలవాని జీతములో నూటికి 3.25 యజమాని, 0.75 పనివాడు చెల్లింతురు. ఆసుపత్రిలో వరుసలు పొడవనియు, మందు దొరకదనియు ఫిర్యాదులున్నను, తన సొమ్ము ఎక్కడికి పోవుచున్నదో యజమానికి తెలియును, తనకేమి రావలెనో పనివానికి తెలియును. శాసనము చిన్నవానివరకు దిగివచ్చినందువలన వానికి భారమే గాక ఆధారమును దొరకినది. కొత్తస్మృతి దారి దీనికి వ్యతిరేకము. అది చిన్న యజమానికి దయచూపుట యనగా వానిని విడిచిపెట్టుట యని యెంచినది.

మూడువందలను సంఖ్యను చూడుడు. పూర్వపు పారిశ్రామిక వివాదముల చట్టమున 1976లో చేర్చిన అయిదవ-బి ప్రకరణము ప్రకారము, మూడువందలమంది గల కర్మాగారము మూయుటకుగాని పనివారిని తగ్గించుటకుగాని ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. 1982 నాటి సవరణ ఆ సంఖ్యను నూటికి దించినది. కొత్తస్మృతి దానిని మరల మూడువందలకు పెంచినది. ఇది యజమానులకు లభించిన గొప్పవరమని చాటుచున్నారు. మంచిదే. నూరు దాటునని భయపడి, ఒకే ప్రహరిలో రెండు షెడ్లకు రెండు పేర్లు పెట్టి, అన్నపేర నొకటి తమ్మునిపేర నొకటి నడుపుకొనుట ఈ దేశమున వ్యాపారరహస్యము కానేకాదు. ఆ నటన కిక అవసరము తగ్గును. కాని నలువదిమందితో పనిచేయించు నాచారపు యజమానికి నాడును అనుమతి అక్కరలేదు, నేడును అక్కరలేదు. పండుగ జరిగినది పొరుగింట. మామిడాకులు మాత్రము వీని గుమ్మమునకు గట్టిరి.

అదే మూడువందల సంఖ్యను స్మృతికర్తలు స్టాండింగు ఆర్డర్లకును వర్తింపజేసిరి. అసలు నష్టమిక్కడ. స్టాండింగు ఆర్డర్లనగా పనిచోటి నియమావళి: హాజరెట్లు, సెలవెట్లు, ఆలస్యమునకేమి, ఏది దుష్ప్రవర్తన, దాని విచారణయెట్లు, శిక్షయేమి యను సంగతుల వ్రాతప్రతి. 1946 చట్టము నూరుగురున్నచోట దీనిని నిర్బంధము చేసినది. అంతేకాదు; ఆమోదింపబడిన ప్రతిని ఇంగ్లీషులోను, పనివారిలో నెక్కువమందికి తెలిసిన భాషలోను, ప్రవేశద్వారము దగ్గర ప్రత్యేకఫలకములపై ప్రదర్శింపవలెనని తొమ్మిదవ నిబంధనలో స్పష్టముగా చెప్పినది. ఒక శాసనము తన్ను చదువవలసినవాని భాషను తలచుకొనుట అరుదు. ఆ వాక్యము వ్రాసినవాని కొక నమస్కారము. కొత్తస్మృతిలో మూడువందలకు తక్కువైనచో ఆ నియమావళి అక్కరయే లేదు. దీనిని యజమానికి కలిగిన స్వేచ్ఛగా వర్ణించుచున్నారు.

స్వేచ్ఛయెట్టిదో పరీక్షింతము. యజమానికి వ్యాపారదృష్టితో కావలసిన హక్కులు ముఖ్యముగా మూడు. తనకు తగినవానిని పనిలో పెట్టుకొనుట, పెట్టుకొన్నవానిని క్రమములో నుంచుట, సాగనప్పుడు మూసివేయుట. ఇందు మొదటిదానికి స్మృతి నియతకాలపు ఉద్యోగ మను మార్గము చూపినది. అరునెలల ఆర్డరునకు అరునెలల పనివాడు. జీతభత్యములలో శాశ్వతునితో సమానుడు. ఏడాది నిండినచో గ్రాట్యుటీకి కూడ అర్హుడు. కంట్రాక్టరు చాటున మనుష్యులను తెచ్చుకొనుటకంటె ఇది నిజాయితీగల పద్ధతి. మూడవ హక్కును గూర్చి తరువాత చెప్పెదను. దినదినమును కావలసినది రెండవది, క్రమశిక్షణహక్కు. దానిని స్మృతి నిరాధారముగా వదలినది.

ఒకడు యంత్రమును నిర్లక్ష్యముగా నడిపి అచ్చు పగులగొట్టెననుకొందము. లేక పదిదినములు చెప్పక మానివేసెననుకొందము. కోపము వచ్చిన యజమాని ‘రేపటినుండి రావద్దు’ అని నోటిమాటగా పంపివేయును. మన యిండ్లలో వంటమనిషిని పంపివేయు రీతి అదియే. గృహసేవను స్మృతి పరిశ్రమగా నెంచలేదు గనుక అక్కడ అడుగువాడు లేడు, అది వేరొక విచారము. కర్మాగారములో నట్లుగాదు. పనివాడు నేరుగా లేబరుకోర్టునకు పోవచ్చును. సంఘముతోగాని ప్రభుత్వపు సిఫారసుతోగాని పనిలేకుండ పనివాడే స్వయముగా కోర్టు మెట్లెక్కు సౌలభ్యమును ఆంధ్రప్రదేశ్ 1987లోనే తన సవరణద్వారా కల్పించినది, కేంద్రము 2010లో ఆ మార్గము ననుసరించెను, కొత్తస్మృతియు నిలుపుకొన్నది. కోర్టులో మొదట అడుగు ప్రశ్న, అచ్చు పగిలినదా యని కాదు. ఛార్జిషీటు ఇచ్చితివా? సంజాయిషీ అడిగితివా? డొమెస్టిక్ ఎంక్వైరీ జరిపితివా? అది దుష్ప్రవర్తన యని ఎక్కడ వ్రాసియున్నది? ఈ ప్రశ్నలకు నాచారపు యజమాని దగ్గర కాగితము లేదు. సంవత్సరములు గడచిన పిదప, వానిని తిరిగి పనిలోనికి తీసికొనుమనియు, గడచిన కాలపు జీతమిమ్మనియు తీర్పు రావచ్చును. అప్పుడు తెలియును, వ్రాతనుండి విముక్తి యెంత ఖరీదైన విముక్తియో. మూడువందలమంది గల కంపెనీకి నియమావళియు, దానిని నడుపు అధికారియు నుందురు. రక్షణ అక్కరలేనివానికి నిర్బంధముగా నిచ్చి, అక్కరగలవానికి మినహాయింపు పేర తీసివేసిరి.

ఇక సంఘముల విషయము. మన యజమానులలో సంఘమను పేరు విన్నంతనే ముఖము చిట్లించుకొనువారే యెక్కువ. వారి కోపమునకు కారణములు లేకపోలేదు. గేటు లోపల ఎన్నడును పనిచేయని నాయకుడు బయటనుండి వచ్చి మాటాడుట, ఒకచోటనే మూడుజెండా లెగురుట, ఒక సంఘముతో కుదిరిన ఒప్పందమును మరియొకటి మరునాడు కాదనుట, ఇవి ఉత్పత్తిని చెరచునవే. చెన్నపట్నపు పెరంబూరు మిల్లుల కథను జ్ఞాపకము చేసికొందము. 1918 ఏప్రిలు 27న సెల్వపతిచెట్టి, రామానుజులునాయుడు గార్ల కృషివలన, బి.పి. వాడియా అధ్యక్షుడుగా అక్కడ మద్రాసు లేబరు యూనియను వెలసెను. 1920లో బిన్నీ కంపెనీవారు వాడియాపై హైకోర్టులో నష్టపరిహారమునకు దావావేసి, పనివారిని ఒప్పందభంగమునకు ప్రేరేపింపరాదను ఆజ్ఞను సంపాదించిరి. న్యాయస్థానమున యజమానిదే పైచేయి. కాని మరుసటి యేడు, 1921లో, అదే మిల్లులలో నెలలతరబడి సమ్మె జరిగెను. నగరములో దొమ్మీలు చెలరేగెను. మాటాడువానిని తొలగించినంత మాత్రమున మాట తొలగలేదు. సంఘమునకు శాసనరక్షణ కావలెనను ఆందోళనకు ఈ దావాయే బలమిచ్చెను. దాని ఫలమే 1926 నాటి చట్టము.

రైల్వే కార్మికోద్యమమునుండి వచ్చి 1952లో కేంద్ర కార్మికమంత్రియైన వరాహగిరి వెంకటగిరి గారికి ఈ చరిత్ర బాగుగా తెలియును. వివాదము పుట్టగనే ప్రభుత్వము ట్రిబ్యునలునకు పంపివేయు పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఇరుపక్షములును ఎదురెదురుగా కూర్చుండి బేరము కుదుర్చుకొననిదే పరిశ్రమకు స్థిరత్వము రాదని ఆయన మతము. ఆ మతము ప్రభుత్వములో నెగ్గలేదు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో ఆయన రాజీనామా ఇచ్చెను. ఆయన చెప్పినది కార్మికపక్షపు మాటగా నాడు వినబడియుండవచ్చును. నేడు చదువగా వ్యాపారికి కావలసిన మాటగానే తోచుచున్నది.

ఆ మాటకు మన సింగరేణియే సాక్ష్యము. 1990 దశకపు మొదట బొగ్గుగనులలో లెక్కకు మిక్కిలి సంఘములు, ఏటేట వందలకొలది చిన్నచిన్న సమ్మెలు. 1998లో రహస్యపు ఓటుతో గుర్తింపుసంఘమును ఎన్నుకొను పద్ధతి పెట్టిరి. అటుపిమ్మట ఎవరితో మాటాడవలెనో యాజమాన్యమునకు తెలిసినది, చిల్లరసమ్మెలు తగ్గినవి. 2023 డిసెంబరు వరకు ఆ యెన్నికలు పలుమారులు జరిగినవి, గెలిచిన సంఘములు మారినవి, పద్ధతి మాత్రము నిలిచినది.

కొత్తస్మృతి ఈ నీతిని గ్రహించినట్లే కనబడును. నూటికి 51 మంది మద్దతు గల సంఘమే ఏకైక సంప్రదింపుసంఘము. అట్టిది లేనిచో నూటికి ఇరువదిమంది మద్దతు గల సంఘములతో సంప్రదింపుమండలి. ఆలోచన ప్రశంసనీయము. అయితే ఈ నూటికి లెక్క కర్మాగారపు హాజరుపట్టీలో నున్న పనివారినిబట్టి యని వ్రాసినారు. ఉప్పల్ వాడలో ఎందరి పేరులు యజమాని హాజరుపట్టీలో నుండును? సగమునకు మించి కంట్రాక్టరు పుస్తకములో నుండు చోట్లు గలవు. అరువదిమంది పనిచేయుచోట పట్టీలో ఇరువదిమందియే యున్నచో, పదునొకండుగురి సంఘము మొత్తమునకు మాటాడును. యంత్రము నిజముగా ఎవరి చేతిలో నున్నదో వారు లెక్కకే రారు. అట్టి సంఘముతో సంతకమైన ఒప్పందము కాగితముపై చెల్లును, షాపుఫ్లోరుపై చెల్లదు.

సమ్మె విషయమును ఇట్లే. పూర్వము నీరు, విద్యుత్తు, రవాణావంటి ప్రజోపయోగసేవలకే యున్న పదునాలుగుదినముల నోటీసు నియమము ఇప్పుడు ప్రతి పరిశ్రమకును పెట్టిరి. సగముమంది ఒకేదినము సెలవు పెట్టినను సమ్మెయే. నోటీసు అందగనే రాజీ అధికారి చర్చలు మొదలిడవలెను. ఆ చర్చలు సాగుచుండగను, ముగిసిన యేడుదినములవరకును సమ్మె చేయరాదు. నాలుగు వాక్యములను కలిపి చదివినచో, శాసనబద్ధమైన సమ్మె దాదాపు అసాధ్యమని తేలును. ఇది యజమానికి లాభమని పొరపడుదురు. సమ్మె శాసనవిరుద్ధ మైనంత మాత్రమున ఆగిన యంత్రము తిరుగదు. పదివేల రూపాయలు జరిమానా గాని, నెలదినముల జైలు గాని, పోయిన ఆర్డరును తిరిగి తేలేవు. చట్టబద్ధమైన సమ్మెకు నోటీసు ఉండును, దానిపై సంతకముండును, పిలిచి మాటాడుట కొక మనిషి యుండును. దారిలేక పుట్టిన సమ్మెకు తలయే యుండదు. యానాములో 2012 జనవరి 27న జరిగినది మరువరానిది. రీజెన్సీ సెరామిక్స్ కార్మికుల ఆందోళనలో, పోలీసుచర్య పిమ్మట సంఘనాయకుడొకరు మరణించెను. ఆ కోపాగ్నిలో కర్మాగారపు అధ్యక్షుడు హతుడయ్యెను, యంత్రములు తగులబడెను, కర్మాగారము మూతపడెను. ఇట్టి దినమున ఏ పక్షపు హక్కు ఏ నిబంధనలో నున్నదను ప్రశ్నకే తావు లేదు.

స్మృతిలో నాచారమువరకు నిజముగా దిగివచ్చిన మేలొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఇరువదిమంది యున్న ప్రతిచోటను ఫిర్యాదుల పరిష్కారసంఘ ముండవలెను. ఇరుపక్షముల సభ్యులు సమానముగా, పదిమందికి మించక. పనిచేయువారిలో స్త్రీలెంత నిష్పత్తిలో నున్నారో సంఘములోను అంతకు తక్కువ కారాదు. ముప్పదిదినములలో తేల్చవలెను. దుస్తుల షెడ్లలోను, ఆహారపదార్థముల షెడ్లలోను స్త్రీలు చాలమంది యుందురు. మరుగుదొడ్డి మొదలు రాత్రిపాళీ వరకు వారు పురుషమేస్త్రీతో చెప్పుకొనజాలని మాటలకు ఒక స్థలము దొరకినది. అయితే అది వ్యక్తుల ఫిర్యాదులకే పరిమితము. అయినను, నియమావళియే లేనిచోట ఆ సంఘము ఏ నియమమునుబట్టి తీర్పు చెప్పవలెను?

ఇప్పుడు మూడవహక్కు. మూసివేయు స్వేచ్ఛ వ్యాపారస్వేచ్ఛలో నొక భాగమని సుప్రీంకోర్టు 1978లో ఎక్సెల్ వేర్ తీర్పున ఒప్పుకొన్నది; నష్టములో నున్నవానిని బలవంతముగా నడిపించుట యుక్తముకాదు. నేటి స్మృతి ప్రకారము మూడువందలకు తక్కువైనచోట అరువదిదినముల నోటీసు, ఏడాదికి పదునైదుదినముల చొప్పున పరిహారము, అంతే. యేబదిమందికి తక్కువైనచో ఆ నోటీసు కూడ లేదు. మరియొక విచిత్రము. అయిదుగురిని తగ్గించి మిగిలిన ముప్పదియైదుగురిని నిలుపుకొనజూచు యజమాని, పరిహారముగాక, ఒక్కొక్కరికి మరి పదునైదుదినముల జీతము పునశ్శిక్షణనిధికి కట్టవలెను. ఆ నిధి పని తగ్గింపునకు మాత్రమే యని స్మృతి చెప్పుచున్నది. మొత్తము తాళమువేయువాని ప్రస్తావన లేదు. కొంత కోసి చెట్టును బ్రదికింపజూచువానికి సుంకము, చెట్టును కూల్చువానికి సుంకములేదు.

ఈ సంగతి ఉప్పల్, నాచారములలో ఊరక పాండిత్యవిషయము కాదు. స్మృతి అమలునకు వచ్చిన నవంబరు నెలలోనే తెలంగాణప్రభుత్వము హైదరాబాదులోని 22 పారిశ్రామికవాటికలలో 9,000 ఎకరములకు పైబడిన భూమిని, రుసుము చెల్లించినచో నివాసములకును, వ్యాపారములకును మార్చుకొనవచ్చునను విధానమును ప్రకటించెను. ఉప్పల్, నాచారము, మల్లాపురములు ఆ జాబితాలో నున్నవి. కాలుష్యము ఊరి నడుమనుండి తొలగుట యందరికిని ఇష్టమే. ప్రభుత్వభూమి ధరపై ప్రతిపక్షములు లేవదీసిన వివాదము వేరు. నేను చూచునది యజమాని మనస్సును. నలువదేండ్లు లేతుయంత్రముల నడుమ గడిపినవాని కొక చేతిలో, సులభముగా మూయవచ్చునను స్మృతి; రెండవచేతిలో, మూసినచో నేల బంగారమగునను విధానము. నడుపదలచినవానికి మాత్రము నియమావళి లేదు, అర్థవంతమైన సంఘము లేదు, త్వరగా తేలు కోర్టు లేదు. వాని కుమారుడు ఏ సలహా యిచ్చునో ఊహింపవచ్చును. యజమాని యను మాటకు మొదటియర్థము యజ్ఞము చేయించువాడని. ఋత్విజులకు దక్షిణ యియ్యవలసిన భారమును వానిదే. యజ్ఞవాటికను చదరపుగజముల లెక్కన అమ్ముకొనువానికి ఆ పేరు చెల్లదు.

కావున నడుపదలచిన యజమానులు శాసనము చెప్పువరకు ఆగనక్కరలేదు. నాలుగైదు పుటల నియమావళి చాలును: పనివేళలు, సెలవులు, ఏది తప్పు, ఎవరు విచారింతురు, ఎవరితో చెప్పుకొనవలెను. కంట్రాక్టరు మనుష్యులను గూడ కలుపుకొని, వారి ప్రతినిధుల సంతకము పెట్టించుకొన్నచో, రేపు కోర్టులో అడుగు కాగితము నేడే చేతిలో నుండును. వాటికలోని యజమానులసంఘము ఒకటే నమూనా వ్రాయించి అందరికిని పంచవచ్చును. గేటు దగ్గరి పలకకు మాత్రము తెలుగొక్కటే చాలదు. ఒడిషా, బిహారు, జార్ఖండులనుండి వచ్చిన పిల్లలు నేడు ఆ షెడ్లలో ఎందరో యున్నారు గనుక హిందీ, ఒడియాలును కావలెను. అట్టి పలకను స్మృతి ఎక్కడను నిషేధింపలేదు. మూడువందలమంది లేరు గనుక దింపివేయుమని ఏ తనిఖీ అధికారియు చెప్పజాలడు.